బండలు కడిగే ముందు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: కొత్త ఇంట్లో తాండూరు బండలు వేయించాం. పాలిష్ పట్టాక గోడల పని జరగడంతో వాటిమీద సిమెంటు చుక్కలు పడ్డాయి. గృహప్రవేశం దగ్గరపడిందని పనివాళ్లు యాసిడ్ పోసి కడిగేశారు. సిమెంటు పోయింది, మెరుపూ పోయింది. కాలికి గరుకుగా తగులుతోంది. ఎన్నిసార్లు తుడిచినా తెల్లగా పాలిపోయినట్టే ఉంది. మళ్లీ మామూలుగా అవుతుందా?
- ఒక పాఠకురాలు, వికారాబాద్

జవాబు: అవుతుందండి, కాకపోతే ఎంత కడిగినా కాదు, మళ్లీ పాలిష్ పట్టిస్తేనే అవుతుంది. మీరు తుడుస్తున్న తెలుపు మురికి కాదు. యాసిడ్ బండ పైపొరను తినేయగా మిగిలిన గరుకుతనం అది.

నాపరాయి అంటే సున్నపురాయే. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగలగానే అది కరిగి, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పైకి వస్తుంది. ఆ నురగ చూసి మురికి వదులుతోందని సంబరపడతారు. కరుగుతున్నది బండ! సిమెంటును కరిగించి నాపరాయిని వదిలేసే యాసిడ్ ఏదీ లేదు. తాండూరు, షాబాద్, బేతంచెర్ల, కడప అని పేర్లు వేరైనా ఇవన్నీ సున్నపురాళ్లే. రాజస్థాన్ నుంచి వచ్చే మక్రానా పాలరాయిదీ ఇదే గుణం. గ్రానైట్ జాతి వేరు కనుక బాత్రూం యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు. అయినా బండల మధ్య సందుల్లోని సిమెంటు కరిగిపోతుంది కాబట్టి అక్కడా వద్దనే అంటాను.

ముందుగా మంచినీళ్లతో రెండు మూడుసార్లు బాగా కడిగించి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత పాలిష్ మిషన్ ఉన్న మేస్త్రిని పిలిపించండి. ముతక రాయితో మొదలుపెట్టి వరసగా సన్న రాళ్లకు రావాలి. పని త్వరగా తెమలాలని మధ్య రాళ్లు వదిలేస్తే గీతలు మిగిలిపోతాయి, దగ్గరుండి చూసుకోండి. ఇకమీదట సిమెంటు చుక్క పడితే పచ్చిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తీసేయాలి. గట్టిపడితే తడిపి నాననిచ్చి, చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ రేకుతోనో గీకాలి. రోజువారీ శుభ్రానికి నీళ్లు, వారానికోసారి కాస్త గిన్నెల సబ్బు ద్రవం చాలు. నిమ్మ, వెనిగర్ కలిసిన ఫ్లోర్ క్లీనర్లు కూడా పులుపే, వాటిని కొనకండి.

ప్రశ్న: మా వంటగట్టు నల్లరాయి. చింతపండు గిన్నె, కోసిన నిమ్మచెక్క పెట్టినచోటల్లా తెల్లటి వలయాలు. కొబ్బరినూనె రాస్తే కనబడవు, రెండు రోజులకు మళ్లీ తేలతాయి. గ్రానైట్ అని చెప్పే అమ్మారు.
- ఒక గృహిణి, కడప

జవాబు: మీ మరకలను బట్టి అది గ్రానైట్ కాదు, నల్లటి కడప రాయే అనిపిస్తోంది. గట్టు అడుగున పాలిష్ పట్టని అంచు ఎక్కడైనా ఉంటే అక్కడ ఒక నిమ్మరసం చుక్క వేసి, అయిదు నిమిషాలాగి తుడవండి. చిన్న బుడగలు వచ్చినా, తుడిచినచోట పాలిపోయినా సున్నపురాయే. పైన చేయకండి. మైనపు పూత ఉంటే సరిగా తెలియదు, లేకపోతే ఇంకో మరక మిగులుతుంది. చీమకుర్తి గెలాక్సీ లాంటి రాయి మీద నిమ్మరసం ఇంత త్వరగా మచ్చ వేయదు.

నూనె ఆ గరుకును కాసేపు కప్పుతుంది, అంతే. పైగా దుమ్ము పట్టి జిడ్డుగా మారుతుంది. రంగుల దుకాణంలో దొరికే వాటర్ పేపర్ తెచ్చుకోండి. 400 నంబరుతో మొదలుపెట్టి 800, తర్వాత 1200. నీళ్లు చల్లుకుంటూ మచ్చ మీదే కాక చుట్టూ జానెడు మేర తేలిగ్గా రుద్దండి. ఒక్కచోటే రుద్దితే గుంట పడుతుంది. ఆరాక రాళ్లకు వాడే మైనపు పాలిష్ పలచగా రాసి, మెత్తని గుడ్డతో తుడవండి. పులుసు గిన్నె కింద పళ్లెం పెట్టే అలవాటు మాత్రం తప్పదు.

ప్రశ్న: తాతగారి నాటి రాతి ఇల్లు. గోడ కింది భాగంలో ఉప్పులా తెల్లటి పొడి పూస్తోంది. రాళ్ల సందులను సిమెంటుతో పూడ్పించమంటున్నారు. పూడ్పించాలా?
- ఒక పాఠకుడు, పిడుగురాళ్ల

జవాబు: దయచేసి పూడ్పించకండి. ఆ పొడి నిజంగా ఉప్పే. నేలలోని తేమ లవణాలను మోసుకుంటూ గోడలోకి పాకుతుంది. నీరు ఆవిరై ఉప్పు బయట మిగులుతుంది. పాత కాలపు గానుగ సున్నం మెత్తన, తేమను బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. అప్పుడు తేమ రాళ్లగుండానే బయటపడాలి, ఉప్పు గడ్డకట్టేదీ అక్కడే. కొన్నేళ్లకు సందులు గట్టిగా నిలిచి, రాళ్లు పొరలుగా రాలిపోయిన పాత గోడలు మన పల్లెల్లో కనబడతాయి. చూస్తే బాధేస్తుంది.

పొడిని ఎండిన కుంచెతో దులిపి, ఎత్తి పారేయండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత తేమ ఎక్కడిదో వెతకండి: చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా, కుళాయి కారుతోందా, ముంగిట సిమెంటు చప్టా వాలు గోడవైపు ఉందా? సందులు పూర్తిగా రాలిపోయిన చోట సున్నం, ఇసుక కలిపి పూయించండి. సున్నం బట్టీలు మీ ఊళ్లోనే ఉన్నాయి కదా, దానికి కొదవ లేదు. పొడి సున్నం నీళ్లలో వేయగానే సలసల కాగుతుంది. ఆ పని తెలిసిన మనిషే చేయాలి, పిల్లలను దగ్గరికి రానీయకండి.

ప్రశ్న: పెరట్లో బావి గట్టు బండలు వానాకాలం పాచి పట్టి జారుతున్నాయి. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి పోస్తే పోతుందన్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆ రెండూ ఎప్పుడూ కలపకండి! క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. విడివిడిగా ఒకటి పోసిన తడి మీద రెండోది పోసినా అంతే. ఇంట్లో పనిచేసేవారికీ ఈ మాట చెప్పి ఉంచండి.

గట్టి కొబ్బరి పీచుతో రుద్దితే పాచి చాలావరకు వదులుతుంది. మిగిలిన చోట లీటరు నీటికి చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైన తేరిన నీటిని చల్లి, పావుగంట తర్వాత బాగా కడగండి. ఆ నీళ్లు బావిలోకో మొక్కల్లోకో పోకుండా చూసుకోండి. నీడకు, నిలిచే నీటికి పాచి మళ్లీ పడుతుంది కాబట్టి వంగిన కొమ్మలు నరికించి, గట్టుమీద నీరు నిలవకుండా వాలు సరిచేయించండి.