రాముడు మెచ్చిన ధాన్యము

దేహము భగవత్సేవకు సాధనము. కావున దానిని పోషించు అన్నము విషయమున అశ్రద్ధ తగదు. ధర్మవరమునకు సమీపముననున్న రామగిరి మొదలు పెనుకొండ, హిందూపురము సీమల వరకు తరతరములుగా రాగి సంగటి ముఖ్యాహారము. కాలక్రమమున తెల్లని వరియన్నమే గౌరవమని తలచి, పలు కుటుంబములవారు సంగటిని బీదల తిండిగా చులకన చేసిరి.

ఇట్టి భేదభావమును 16వ శతాబ్దినాటి కన్నడ హరిదాసు కనకదాసు తన 'రామధాన్య చరిత్రె'లో నిరసించెను. అందు వరికిని రాగికిని ఏది గొప్పయను వాదము కలుగగా, శ్రీరాముడు రెండింటిని ఆరుమాసములు చెరయందుంచెను. వరి కృశించెను, రాగి చెక్కుచెదరలేదు. రాఘవుడు రాగినే మెచ్చెను.

నేటి శాస్త్రమును రాగి విలువను అంగీకరించుచున్నది. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. తెల్లబియ్యమున అందు స్వల్పభాగమే. ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా పాటించినది.

అయినను రాగి ఔషధము కాదు. మధుమేహము కలవారు సంగటిని సయితము మితముగా, పప్పు, ఆకుకూరలతో భుజింపవలెను; పలుచని జావ రక్తమున చక్కెరను త్వరగా పెంచవచ్చును. సంగటిని నమ్మి మందులు మానరాదు. ఏకాదశి ఉపవాసమునకు పూనుకొనువారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

ధాన్యములయందు రాముడు ఎక్కువతక్కువలను రూపమునుబట్టి ఎంచలేదు, గృహస్థుడేల ఎంచవలెను?