పెద్దల కళాశాల జ్ఞాపకాలు – ఎలా చదవాలి?

 

ప్లస్ టూ ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఒకటే ప్రశ్న: "ఏ కోర్సులో చేర్పించాలి?" వీధిలో నలుగురినీ అడుగుతాము. ఆ కోర్సు చదివి బయటికి వచ్చినవారిని మాత్రం అడగము. పట్టభద్రులు తమ చదువు గురించి చెప్పుకున్న మాటలు కూడా ఒక పాఠ్యపుస్తకమే. దానిని ఎలా చదవాలో మన పేటకు సంబంధించిన ఉదాహరణతోనే చూద్దాము.

మద్రాసు విశ్వవిద్యాలయము 1857 సెప్టెంబరు 5న ఏర్పడినది. అదే తేదీన, 1888లో, తిరుత్తణిలో ఒక సామాన్య తెలుగు కుటుంబంలో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జన్మించారు. వేలూరు వూరీస్ కళాశాలలో చదివి, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి బి.ఎ., ఎం.ఎ. పూర్తి చేశారు. ఆ కళాశాల అప్పుడు తాంబరంలో లేదు. మన జార్జి టౌనులోనే, హైకోర్టుకు ఎదురుగా ఉండేది. 1937లో తాంబరానికి మారినది. పచ్చయప్ప కళాశాల కూడా 1940లో చేట్‌పట్‌కు పోయే వరకు ఇక్కడిదే. రోజూ ఆ దారిన బస్సుకు వెళ్ళే మన పిల్లలలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

రాధాకృష్ణన్ గారు తరువాతి కాలంలో తన చదువు గురించి తానే వ్రాసుకున్నారు. గణితమా, భౌతికశాస్త్రమా, జీవశాస్త్రమా, చరిత్రా, తత్వశాస్త్రమా అని ఎటూ తేల్చుకోలేకపోయారట. ఆ సమయంలో వరుసకు సోదరుడైన ఒకరు డిగ్రీ ముగించి తన పాత పుస్తకాలను ఇచ్చారు. అవి తర్కం, మనోవిజ్ఞానం, నీతిశాస్త్రం పుస్తకాలు. అంతటితో విషయం తేలిపోయింది. స్కాలర్‌షిప్పులతో చదువుకునే కుర్రవాడికి ఊరక వచ్చిన పుస్తకాలంటే చిన్న మాట కాదు.

ఇంకొక సంగతి కూడా ఆయన దాచలేదు. మిషనరీ అధ్యాపకులు హిందూ ధర్మంపై చేసే విమర్శలు ఆయన మనసును నొప్పించాయి. కళాశాల మానలేదు, తగవు పెట్టుకోలేదు. అసలు మన గ్రంథాలలో ఏమున్నదో చదవడం మొదలుపెట్టారు. ఎం.ఎ. కొరకు వేదాంతంలోని నీతిపైనే వ్యాసం వ్రాశారు. 1908లో అది పుస్తకంగా వచ్చింది. దానిని మెచ్చుకున్న ఆచార్యుడు హాగ్ గారు కూడా మిషనరీయే.

అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. ఇది పైకి వచ్చినవారి జ్ఞాపకం. ఊరక వచ్చిన పుస్తకాలను బట్టి కోర్సు ఎంచుకుని, మధ్యలో చతికిలబడినవారు ఎందరో ఉంటారు. వారు ఆత్మకథలు వ్రాయరు. జమలు మాత్రమే చూసి ఖాతా నిల్వ చెప్పగలమా?

ఖర్చు వైపు చూడాలంటే శ్రీనివాస రామానుజన్ గారి కథ ఉన్నది. పచ్చయప్ప కళాశాలలో గణితం ఒక్కటే పట్టించుకుని, మిగిలిన సబ్జెక్టుల వలన ఎఫ్.ఎ. తప్పారు. 1912లో పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా అయ్యారు. మన శైవ ముత్తయ్య మొదలి వీధిలో కాపురం. 1913లో విశ్వవిద్యాలయమే, డిగ్రీ లేకపోయినా, నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. అటువంటి మినహాయింపు లక్షలో ఒకరికి దొరుకుతుంది. ఇష్టంలేని పేపరును కూడా కనీసం పాసు కావాలి, బాబూ!

కనుక మీ సీనియర్లను "కాలేజీ బాగుందా?" అని అడగకండి. "బాగుంది అంకుల్" అంటారు, అంతే. మొదటి సెమిస్టరులో ఏ పేపరు తప్పారు, ఆ అరియర్ ఎలా తీర్చారు, తెలుగు మాధ్యమం నుండి వచ్చి ఉంటే ఇంగ్లీషు పాఠాలు అందుకోవడానికి ఎన్నాళ్ళు పట్టింది, ఫీజు కాక నెలకు చేతి నుండి ఎంత పెట్టారు అని అడగండి. ఏ సంవత్సరం చదివారో కూడా వ్రాసుకోండి. పదేళ్ళ కిందటి ఫీజు ఇప్పుడు పనికిరాదు.

ఈరోజు పుస్తకాల కొరకు కోర్సు మార్చుకోనక్కరలేదు. 2001లో మొదలైన బ్యాంకుల నమూనా విద్యారుణ పథకంలో ట్యూషన్ ఫీజుతో పాటు పరీక్ష ఫీజు, హాస్టలు, పుస్తకాలు, అవసరమైతే కంప్యూటరు ఖర్చు కూడా చేరుతుంది. కళాశాల ఇచ్చే ఖర్చుల పట్టికలో ఇవన్నీ వ్రాయించుకుని బ్యాంకుకు వెళ్ళండి. ట్యూషన్ ఫీజు రసీదు ఒక్కటే పట్టుకుని వచ్చి, మిగతా సొమ్ముకు వడ్డీ వ్యాపారి దగ్గరకు పోయిన తల్లిదండ్రులను నేను కౌంటరులో చాలామందిని చూశాను.