వానకారులో సైకిలు గొలుసునకు కందెన

మన పంచాంగము శ్రావణ భాద్రపదములను వర్షర్తువని చెప్పును. చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగువారికి ఆ లెక్క కుదరదు. ఇచ్చట ఈశాన్య ఋతుపవనము వలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, సంవత్సరము మొత్తమునకు కురియు వానలో సగమునకు పైగా కురియును. అన్యత్ర చలి మొదలగు దినములు మనకు వానదినములు. అర్ధసంవత్సర పరీక్షలును ఆ దినములందే వచ్చును.

తెలుగు బోధించు పాఠశాలలు ప్రతి పేటలో నుండవు. ఇంటి ప్రక్కనున్న రెండు మూడు బడులను దాటి మన బడికి వచ్చు బాలబాలికలు కలరు. వారికి సైకిలే ఆధారము. అది మూలబడినచో మొదట వారమునకు రెండు దినములు బడి తప్పును. పిమ్మట ‘దగ్గర బడిలో చేర్చిన నేమి’ యను మాట ఇంటిలో పుట్టును. ప్రభుత్వ పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను పదునొకండవ తరగతి చదువువారికి తమిళనాడు ప్రభుత్వము ఉచితముగా సైకిళ్ళ నొసగుచున్నది. సైకిలు చేతికి వచ్చుట యొక యెత్తు. దానిని నాలుగు వానకారులు నడుచునట్లు నిలుపుకొనుట మరియొక యెత్తు. వానలో మొదట చెడునది గొలుసు, అనగా మనము వాడుకలో చైనని పిలుచునది. దానికి ఏ నూనె వేయవలెనో ఈ వ్యాసమున విచారింతము.

బండి ఇరుసునకు రాయు దానిని మన పెద్దలు కందెన యనిరి. ఆముదమున మాడ్చిన గడ్డిమసిని కలిపి చిక్కగా చేసి పూసెడివారు. బండికి అది తగినదే. ఏలయన ఇరుసు పెద్దది, చక్రమును తీసినచో కంటికి కనబడునది, చేతికి అందునది. ఆ యలవాటుచేతనే కాబోలు, మన యిండ్లలో సైకిలు చైనునకును గ్రీజు పట్టించుట కలదు. కాని చైను ఒక ఇరుసు కాదు. నూరు ఇరుసుల వరుస. 1880వ సంవత్సరమున మాంచెస్టరు నగరమున హాన్స్ రెనాల్డు అనునతడు పేటెంటు పొందిన రోలరు చైను యొక్క నిర్మాణమే నేటి సైకిలు చైనునకును మూలము. రెండు రేకుల నడుమ ఒక పిన్ను, దాని చుట్టును ఒక గొట్టము వంటి బుష్, దానిపై దొర్లు రోలరు. ఇట్టి కీలు అరంగుళమునకు ఒకటి చొప్పున వచ్చును. చైను పండ్లచక్రముపై వంగునపుడెల్ల ఈ పిన్నులు లోపల తిరుగును. రాపిడి అంతయు అచ్చట. కావున నూనె యుండవలసిన చోటు అదియే. పైకి కనబడు రేకులపై నున్న నూనె దుమ్మును పట్టుట తక్క వేరొక పనిచేయదు. గ్రీజు చిక్కనిది యగుటచే ఆ సన్నని సందులలోనికి దిగజాలదు.

వాననీరు రెండు విధముల హాని చేయును. పలుచని నూనెను కడిగివేయును; ఆ ఖాళీలోనికి రోడ్డుమీది సన్నని యిసుకను చేర్చును. ఇసుకయు, మిగిలిన నూనెయు కలిసి సానరాతివలె పిన్నులను అరగదీయును. సముద్రతీరమున నున్న ఊరు గనుక గాలిలోని ఉప్పు తుప్పును త్వరపరచును. కావున వానకారు కందెన నీటికి కొట్టుకొనిపోనంత చిక్కనిదియు, పిన్నుల లోనికి దిగునంత పలుచనిదియు కావలెను. ఈ రెంటి నడుమనే ఎంపిక యంతయు.

కుట్టుమిషను నూనె చక్కగా లోనికి దిగును గాని ఒక్క జడివానకు పోవును. వేసవిలో వాడదగినదే. వానలో దానిని నమ్మినచో తడిసిన ప్రతిదినమును మరల వేయవలసివచ్చును. కొబ్బరినూనె ఇంటిలో నుండును గనుక పిల్లలు దానినే వేయుదురు. అది 24 డిగ్రీల దరిదాపున పేరుకొనును. డిసెంబరు, జనవరి రాత్రులందు మన పట్టణమున చల్లదనము అంతకు దిగువకు పోవుట కలదు. నువ్వులనూనె గాలి తగిలి బంకవలె మారును. వంటింటి నూనెలను వంటింటనే యుంచుట మేలు. స్కూటరు బాగుచేయు కొట్టులో తీసివేసిన నల్లని పాత ఇంజను ఆయిలు ఊరకే దొరకును గాని, దానిలో లోహపు నలుసులును, ఆమ్లములును ఉండును. చర్మమునకును మంచిది కాదు. డబ్ల్యూ.డి.-40 అను డబ్బా అనేకులకు తెలియును. నీటిని తరిమివేయుటకై 1953లో అమెరికాలో తయారైన ద్రవమది. తడిసిన చైనునుండి నీటిని తోలుటకు పనికివచ్చును. కాని నిలుచు కందెన కాదు. దాని తరువాత నూనె వేయవలసినదే.

సైకిలు అంగళ్ళలో వెట్ ల్యూబ్, డ్రై ల్యూబ్ అను రెండు జాతుల సీసాలు దొరకును. ఈ పేర్లు కొందరిని తికమక పెట్టును. డ్రై అనగా ఆరిన పిదప మైనము వంటి పొడిపూత మిగులునది. దుమ్ముగల యెండదినములకు తగును, వానకు నిలువదు. వెట్ అనగా తడిగానే యుండు చిక్కని నూనె. మన అక్టోబరునకు కావలసినది ఇది. దాని వెల ఎక్కువ యని తోచినచో, మోటారుసైకిలునకు పోయు 20డబ్ల్యూ-40 తరగతి క్రొత్త ఇంజను ఆయిలు చాలవరకు ఆ పని చేయును. ఇంట స్కూటరున్నచో డబ్బా యడుగున మిగిలిన నాలుగు చుక్కలే చాలును. నా యభిప్రాయమున మన పిల్లల సైకిళ్ళకు ఇంతకంటె ఖరీదైనది అక్కరలేదు. బట్టకు నల్లని మరక యంటుట దీని దోషము. అదియు తుడుచుట తెలియనివారికే.

వేయు పద్ధతి నూనెకంటె ముఖ్యము. సైకిలును స్టాండుపై నిలిపి, ముందుగా చైనును పొడిగుడ్డతో తుడువవలెను. గుడ్డను క్రింది వరుస నడుమ పట్టి పెడలును వెనుకకు త్రిప్పవలెను. పండ్లచక్రము చేరువకు వ్రేళ్ళను పోనీయరాదు. చైనునకును పండ్లకును నడుమ వ్రేలు చిక్కినచో గాయము ఘోరముగా నుండును, కావున చిన్నపిల్లలచేత ఈ పని చేయింపరాదు. పిమ్మట ఒక్కొక్క రోలరుపై ఒక్కొక్క చుక్క. మొత్తము ఒక చిన్నచెంచాడు నూనె చాలును. రాత్రి యట్లే యుంచి, ఉదయమున పైనున్న నూనెనంతయు తుడిచివేయవలెను. పోసిన నూనెను తుడుచుట వృథా యని తోచవచ్చును. లోనికి పోవలసినది అప్పటికే పోయియుండును. తుడిచిన చైను పావడా అంచునకు గాని, యూనిఫారము లాగునకు గాని అంతగా అంటదు. వానకారులో వారమునకొకసారి ఇట్లు చేయవలెను. మోకాలిలోతు నీటిలో నడచివచ్చిన దినమున రేపటికని ఆగరాదు.

బాలికల సైకిళ్ళలో కొన్నిటికి చైను మొత్తమును మూయు కవరుండును. అది వానను కొంత ఆపును గాని, లోపలి తుప్పును మన కంటికి కనబడనీయదు. అక్టోబరునకు ముందు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి సైకిలుకొట్టులో దానిని విప్పించి చూడవలెను.

స్ప్రేడబ్బాలను వాడువారు చక్రపు రిమ్ముపై తుంపరలు పడకుండ చూచుకొనవలెను. తడిసిన రిమ్ముపై బ్రేకు అసలే మందముగా పట్టును. దానికి నూనెయు తోడైనచో కూడలిలో సైకిలు ఆగదు. నూనె పడినట్లు అనుమానమున్నను సబ్బునీటితో కడిగి, బ్రేకును పరీక్షించి గాని పిల్లను పంపరాదు.

2015 డిసెంబరు వరదలోను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానునందును వలె సైకిలు పూర్తిగా మునిగినచో చైనునకు నూనె వేసినంత మాత్రమున చాలదు. చక్రముల హబ్బులు, పెడళ్ళ నడిమి ఇరుసు విప్పించి క్రొత్త గ్రీజు పెట్టింపవలెను. గ్రీజునకు తగినచోటు అది.

అరిగిన చైనును ఏ నూనెయు బాగుచేయదు. దానిని కనుగొనుటకు పిల్లల పెట్టెలోని అడుగుబద్ద చాలును. చైను బిగువుగానున్న చోట ఒక పిన్ను నడిమిపై సున్న నుంచి కొలిచినచో, ఇరువదినాలుగవ కీలు పిన్ను సరిగా 12 అంగుళములకు రావలెను. అంగుళములో పదునారవ వంతు దాటినచో మార్చుటకు సిద్ధపడవలెను. ఎనిమిదవ వంతు దాటినచో పండ్లచక్రములును అరిగియుండును. బలముగా త్రొక్కినపుడు చైను పండ్లపై జారి, రోడ్డు దాటుచున్న పిల్ల తూలిపడవచ్చును. అట్టి చైనును ఫ్రీవీలుతో కూడ మార్పింపవలెను. వానలు వెనుకబట్టిన జనవరిలో ఈ కొలత తీసికొనుట అనుకూలముగా నుండును.