నాన్నగారు డీజిలే కొనమంటున్నారు!

ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ డీజిల్ కార్ల చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులు రాశాను. ఎవరి పేర్లూ వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను. ఎందుకంటే బ్రిటన్‌లో డీజిల్ సంగతి మీరు ఏ ఊళ్లో ఉంటారన్న దాని మీద చాలా ఆధారపడుతుంది.

ప్రశ్న (స్లౌ): నమస్కారమండీ. రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి వచ్చాం. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాను. గుంటూరు నుంచి మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా "డీజిలే తీసుకోరా, మైలేజీ వస్తుంది, ఇంజను రాయిలా ఉంటుంది" అంటున్నారు. ఆఫీసులో వాళ్లేమో డీజిల్ పేరెత్తితేనే మొహం చిట్లిస్తున్నారు. పాపని బడిలో దింపడం, వారానికి రెండు రోజులు స్టేషన్, శనివారం సరుకులు, ఎప్పుడైనా టివిడేల్ బాలాజీ గుడి. ఇంతకుమించి మాకు కారుతో పని లేదు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: నాన్నగారు చెప్పింది తప్పు కాదు, కాకపోతే అది గుంటూరు లెక్క. మన దగ్గర 2014 అక్టోబరు దాకా డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది. లీటరు దగ్గర పెట్రోలుకీ డీజిలుకీ ఉన్న తేడాతోనే ఇండికాలు, స్విఫ్ట్ డీజిళ్లు ఇంటింటికీ వచ్చాయి. ట్రావెల్స్ నడిపేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రోజుల్లో డీజిల్ కొన్నవాడు తెలివైనవాడే.

ఇక్కడ ఆ తేడా లేదు. ఇంధన సుంకం రెండింటికీ ఒకటే. 2022 మార్చిలో ఐదు పెన్స్ తగ్గించాక లీటరుకు 52.95 పెన్స్ అయింది. దాని మీద 20 శాతం వ్యాట్. బంకులో బోర్డు చూడండి, మామూలుగా డీజిలే కొన్ని పెన్స్ ఎక్కువ ఉంటుంది.

మీ లెక్క వేద్దాం. మీ తిరుగుడు ఏడాదికి 6,000 మైళ్లు అనుకోండి. పెట్రోలు కారు గ్యాలనుకు 40 మైళ్లు ఇస్తుంది, అంటే మన భాషలో లీటరుకు 14 కిలోమీటర్లు. డీజిల్ 50 ఇస్తుంది, అంటే 17 పైన. పెట్రోలు లీటరు 1.40 పౌండ్లు, డీజిల్ 1.48 అనుకుంటే ఏడాదికి మీకు మిగిలేది 150 పౌండ్ల లోపు. ధరలు మారినా ఈ తేడా మరీ తారుమారు కాదు. ఈ మిగులు కోసం మీరు నెత్తిన పెట్టుకునేది డీపీఎఫ్ అనే భాగం. దాని కథ కింద రీడింగ్ నుంచి రాసినావిడకి విడమర్చి చెప్పాను, తప్పకుండా చదవండి. అది ఒక్కసారి మొరాయించిందంటే ఆరేడేళ్ల మిగులు ఒక్క బిల్లుతో పోతుంది.

ఆఫీసు మిత్రుల చిట్లింపుకీ ఒక చరిత్ర ఉంది. 2001 మార్చి నుంచి రోడ్డు ట్యాక్సును కార్బన్ డయాక్సైడుతో ముడిపెట్టారు. డీజిల్ ఇంజను ఆ వాయువు తక్కువ వదులుతుంది, కాబట్టి ట్యాక్సు తక్కువ. ప్రభుత్వమే రమ్మన్నాక జనం రాకుండా ఉంటారా? 2000లో ఇక్కడ అమ్ముడైన కొత్త కార్లలో డీజిళ్లు ఏడింట ఒకటి. 2011 కల్లా సగం దాటాయి. డీజిల్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి ఆ హడావుడిలో వెనక్కిపోయింది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడింది. పరీక్షలో పెట్టినప్పుడు ఒకలా, రోడ్డెక్కాక ఇంకోలా పొగ వదిలే సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతా కోటీ పది లక్షల కార్లలో ఉంది, ఈ దేశంలోనే దాదాపు 12 లక్షల్లో. 2022 మేలో ఆ కంపెనీ ఇంగ్లండులో దావా వేసిన సుమారు 91,000 మందికి 19 కోట్ల 30 లక్షల పౌండ్లు ఇచ్చి కేసు రాజీ చేసుకుంది. ఇప్పుడు కొత్త కార్లలో మామూలు డీజిల్ పదింట ఒకటి కూడా లేదు. 

మీ వాడకానికి చిన్న పెట్రోలు కారు, కుదిరితే హైబ్రిడ్. టివిడేల్ వెళ్లే రోజున ఎం40, ఎం42, ఎం5 మీద డీజిల్ హాయిగా ఉంటుందన్నది నిజమే. ఏడాదికి మూడుసార్లు చేసే దైవదర్శనం కోసం మిగతా రోజులన్నీ బడికీ స్టేషనుకీ డీజిల్ నడపనక్కర్లేదు. నాన్నగారితో మాత్రం "ఇక్కడ డీజిలే ఎక్కువ రేటు నాన్నా" అని ఒక్క మాట చెప్పి చూడండి. మిగతా వాదన అవసరం పడదు.

ప్రశ్న (రీడింగ్): నేను నర్సుని. ఆసుపత్రి ఇంటికి మూడు మైళ్లు. చలికాలం నైట్ డ్యూటీలకి బస్సు కుదరక 2016 డీజిల్ కారు కొన్నాను. నెల రోజులుగా డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వస్తోంది, పోతోంది. తెలిసినాయన ఒకరు "ఆ ఫిల్టరు తీసేయిస్తే పీడా పోతుంది, తక్కువలో చేసేవాళ్లున్నారు" అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దమ్మా, ఆ పని అస్సలు చేయించొద్దు. ఫిల్టరు తీసేసిన కారు 2014 ఫిబ్రవరి నుంచి ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష పాసవదు. 2018 మేలో నిబంధనలు ఇంకా బిగించారు. ఫిల్టరున్న డీజిల్ కారు వెనక పొగ కళ్లకి కనిపిస్తే చాలు, ఫెయిలే. పైగా అది లేకుండా రోడ్డు మీద నడపడం చట్ట ప్రకారం నేరం. అలాంటి మార్పు చేయించి చెప్పకపోతే ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిము దగ్గర పేచీ పెడతారు.

ఆ దీపం ఏం చెబుతోందో చూద్దాం. మీరడిగిన ఆ ఫిల్టరే డీపీఎఫ్, పొగగొట్టం దారిలో ఉండే పింగాణీ జల్లెడ. లోపల సన్నటి గదులు గదులుగా ఉంటుంది. ఇంజను వదిలే మసిని అక్కడ పట్టి ఉంచుతుంది. టీ వడగట్టులో పొడి పేరుకున్నట్టే ఇందులోనూ మసి పేరుకుంటుంది, కాకపోతే దీన్ని దులపడం మన చేతిలో లేదు, కాల్చాలి. మోటార్‌వే మీద నిదానంగా ఒకే వేగంతో వెళ్తుంటే గొట్టం వేడికి దానంతటదే కొంత కాలిపోతుంది. అంత వేడి దొరకకపోతే కారు కంప్యూటరే కొంచెం డీజిల్ అదనంగా చల్లి, 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చేస్తుంది.

మీ మూడు మైళ్లలో ఇంజను సరిగ్గా వేడెక్కను కూడా వేడెక్కదు. కారు కాల్చడం మొదలుపెట్టేసరికి మీరు ఆసుపత్రి పార్కింగులో తాళం తీసేస్తారు. పని సగంలో ఆగిపోతుంది. దాన్ని మీరే పసిగట్టొచ్చు. ఆగి ఉన్నప్పుడు ఇంజను మామూలుకన్నా కాస్త గట్టిగా తిరుగుతుంది, స్టార్ట్-స్టాప్ పనిచేయదు, కారు ఆపేశాక కూడా ముందు ఫ్యాను గుయ్యిమంటూనే ఉంటుంది, ఏదో మాడిన వాసన వస్తుంది. అప్పుడు ఆపకుండా ఇంకో పదిహేను నిమిషాలు నడపాలి. మాటిమాటికీ మధ్యలో ఆపితే, కాలని డీజిల్ సిలిండరు గోడల వెంట దిగి ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిలు గీత దాటి పైకి ఉందంటే సంతోషించకండి, అది ఆయిలు పెరగడం కాదు, పలచబడటం. ఆ ఆయిలు మార్పించాలి.

ఇప్పుడు చేయాల్సింది. దీపం పసుపు రంగులో నిలకడగా వెలిగితే, ట్యాంకులో పావు వంతుకన్నా ఎక్కువ డీజిల్ ఉందో లేదో చూసుకుని (చాలా కార్లు ఇంధనం అడుగంటితే ఈ పని మొదలుపెట్టవు) ఎం4 ఎక్కండి. గంటకు 40 మైళ్లకి తగ్గకుండా ఇరవై నిమిషాలు వెళ్లి, అవతలి జంక్షనులో తిరిగి రండి. గేరు ఒకటి తక్కువలో ఉంచితే ఇంజను వేడి నిలుస్తుంది. దీపం ఆరకపోయినా, దానికి తోడు ఇంజను దీపం వెలిగినా, కారు జోరు తగ్గినా ఈ ప్రయోగం మానేసి గ్యారేజీకి తీసుకెళ్లండి. అక్కడ కంప్యూటరు పెట్టి బలవంతంగా కాల్చిస్తారు. ముందు తప్పు ఎక్కడుందో చెప్పించుకుని తరవాతే డబ్బు కట్టండి. ఒక చిన్న సెన్సారు పాడైనా ఇదే దీపం వస్తుంది, దానికోసం కొత్త ఫిల్టరు అంటగట్టేవాళ్లూ ఉన్నారు. కొత్తదంటే వెయ్యి పౌండ్ల పైమాటే.

వారానికి ఒకసారి ఇలా మోటార్‌వే ఎక్కే ఓపిక ఉంటే కారు ఉంచుకోండి. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చి, కారు కోసం మళ్లీ ఇరవై మైళ్లు తిరగమనడం నాకైతే న్యాయంగా అనిపించదు. మంచి ధర వచ్చినప్పుడు అమ్మేసి పెట్రోలు తీసుకోండి.

ప్రశ్న (మిల్టన్ కీన్స్): స్నేహితుడి దగ్గర 2014 డీజిల్ కారు కొన్నాను. రోడ్డు ట్యాక్స్ ఏడాదికి 20 పౌండ్లే అని మురిసిపోయాను. అత్తామామల్ని తీసుకురావడానికి రాత్రిపూట హీత్రో వెళ్తే, పది రోజులకి 180 పౌండ్ల నోటీసు వచ్చింది. నేను లండన్‌లోకి వెళ్లనే లేదు కదా! ఇదంతా కెమెరాలు పెట్టి డబ్బు గుంజడం కాదా?

జవాబు: హీత్రో విమానాశ్రయం లండన్ బరోల (పాలనా విభాగాల) పరిధిలోనిదే. ఎక్కువ పొగ వదిలే బండ్ల దగ్గర రుసుము వసూలు చేసే యూలెజ్ జోను 2019 ఏప్రిల్‌లో నగరం నడిబొడ్డున మొదలై, 2021 అక్టోబరులో నార్త్, సౌత్ సర్క్యులర్ రోడ్ల దాకా పాకి, 2023 ఆగస్టు 29 నుంచి మొత్తం లండన్ బరోలన్నింటికీ వచ్చింది. ఎం25 మీద ఉన్నంతసేపూ ఏమీ లేదు, టెర్మినల్ వైపు తిరిగారంటే లెక్క మొదలు. రోజుకి 12.50 పౌండ్లు, క్రిస్మస్ ఒక్కరోజు మినహాయింపు. రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. పదకొండున్నరకి వెళ్లి పన్నెండున్నరకి బయటపడితే రెండు రోజుల కింద లెక్క, 25 పౌండ్లు. మన విమానాలు ఆలస్యంగా దిగే వేళలు తెలిసినవే కదా. 

వెళ్లిన రోజు పోగా మూడో రోజు అర్ధరాత్రిలోగా కట్టి ఉంటే నోటీసు వచ్చేది కాదు. ఇప్పుడైనా నోటీసు తేదీ నుంచి 14 రోజుల్లో కట్టేస్తే సగమే, 90. కోపంతో పక్కన పడేయకండి, పెరుగుతుంది.

కారు కొనేముందు నంబరు ప్లేటు ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వెబ్‌సైటులో కొట్టి చూస్తే అర నిమిషంలో తేలేది. నిబంధన ఇది. డీజిల్ అయితే యూరో 6 పొగ ప్రమాణం అందుకోవాలి, పెట్రోలుకి యూరో 4 చాలు. అందుకే 2006 నాటి పాత పెట్రోలు డొక్కు దర్జాగా తిరుగుతుంది, మీ 2014 డీజిల్ మాత్రం కట్టాలి. కొత్తగా రిజిస్టరయ్యే కార్లన్నింటికీ యూరో 6 తప్పనిసరి అయింది 2015 సెప్టెంబరు నుంచి. డీజిలే కావాలనుకునేవాళ్లకి నా చిట్కా ఏమిటంటే, 2015 సెప్టెంబరుకీ 2017 మార్చికీ మధ్య రిజిస్టరైన వాటిలో వెతకండి. యూలెజ్ బాధ ఉండదు, పాత పద్ధతిలో తక్కువ రోడ్డు ట్యాక్సూ దక్కుతుంది. 2017 ఏప్రిల్ తరవాతి కార్లకి ఆ సౌకర్యం లేదు, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 195 పౌండ్లయింది.

మిగతా ఊళ్లలో తలో పద్ధతి. బర్మింగ్‌హామ్‌లో రోజుకి 8 పౌండ్లు, బ్రిస్టల్‌లో 9. (బాలాజీ గుడికి వెళ్లేవాళ్లు కంగారుపడక్కర్లేదు, టివిడేల్ బర్మింగ్‌హామ్ జోనుకి బయటే ఉంది. దర్శనమయ్యాక బుల్‌రింగ్‌లో షాపింగ్ అంటేనే చిక్కు.) గ్లాస్గో, ఎడిన్‌బరా, డండీ, అబర్డీన్‌లలో రోజు రుసుము కట్టి వెళ్లే వీలే లేదు. అర్హత లేని కారు జోనులో కనిపిస్తే 60 పౌండ్ల జరిమానా, మళ్లీ కనిపిస్తే రెట్టింపు.

గుంజుడు అన్నారు కాబట్టి ఒక మాట. లూయిషమ్‌లో సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర్లో పెరిగిన ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే పాప 2013 ఫిబ్రవరిలో తొమ్మిదేళ్ల వయసులో ఉబ్బసంతో చనిపోయింది. ఆమె తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2020 డిసెంబరులో కరోనర్ (మరణాల విచారణాధికారి) ఆ మరణానికి గాలి కాలుష్యమూ కారణమని తేల్చాడు. ఈ దేశంలో అలాంటి తీర్పు అదే మొదటిది. రుసుముతో పేదవాడికి నొప్పి అన్న వాదన నాకూ సబబే అనిపిస్తుంది, కానీ ఆ పాప కథ తెలిశాక కెమెరాల్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న (లెస్టర్): ఏడాదికి 20,000 మైళ్లు, దాదాపు అంతా ఎం1 మీదే తిరుగుతాను. 2019 డీజిల్. 2030లో డీజిల్ నిషేధం అంటున్నారు. ఇప్పుడే అమ్మేయాలా?

జవాబు: ఉంచుకోండి. 2030 తరవాత అమ్మకూడనివి కొత్త పెట్రోలు, డీజిల్ కార్లు. కొత్త హైబ్రిడ్లకి 2035 దాకా గడువుంది. మీ పాత కారు నడపడానికీ, అమ్మడానికీ అడ్డేమీ లేదు. మీలాంటివారికే డీజిల్ పుట్టింది. పై లెక్కే మీకు వేస్తే, మోటార్‌వే మీద గ్యాలనుకు 55 మైళ్ల చొప్పున, ఏడాదికి 700 పౌండ్లకి పైగా మిగులు.

యాడ్‌బ్లూ మాత్రం మరవకండి. అది యూరియా కలిపిన శుద్ధమైన నీరు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని విరుస్తుంది. పూర్తిగా అయిపోతే, ఆపిన కారు మళ్లీ స్టార్టవదు. నీలం మూత ఉన్నచోట తప్ప ఇంకెక్కడా పోయకండి.

ప్రశ్న (కొవెంట్రీ, విద్యార్థి): అన్నా, రూమ్మేట్ డీజిల్ కారు తీసుకెళ్లి పొరపాటున ఐదు లీటర్ల పెట్రోలు కొట్టించేశా. వెంటనే చూసుకుని మిగతాది డీజిల్‌తో నింపి నడిపేశా. బాగానే నడుస్తోంది. అతనికి చెప్పాలా?

జవాబు: చెప్పు తమ్ముడూ, ఈరోజే చెప్పు. ఈ కాలపు డీజిల్ పంపుకి డీజిలే కందెన. పెట్రోలు ఆ జిడ్డుని కడిగేస్తే లోపల లోహం లోహాన్ని ఒరుసుకుని, ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. ఇప్పుడు బాగా నడిచినంత మాత్రాన ఏమీ కాలేదని కాదు. ట్యాంకు ఖాళీ చేయించి, ఫిల్టరు మార్పించి, పంపు చూపించండి. ఖర్చు నువ్వే పెట్టుకో. ఇలాంటి పొరపాటు అతని ఇన్సూరెన్సులోకి వస్తుందో లేదో పాలసీ తీసి చూడండి, చాలావాటిలో రాదు.

మిగతావాళ్లకి కూడా. ఇక్కడ ఆకుపచ్చ పైపు పెట్రోలు, నల్లది డీజిల్. డీజిల్ పైపు మూతి లావు కాబట్టి పెట్రోలు కారులో పట్టదు, కానీ పెట్రోలు పైపు డీజిల్ కారులోకి సులువుగా దూరిపోతుంది. అలా జరిగితే తాళం తిప్పొద్దు. కొన్ని కార్లలో తాళం సగం తిప్పినా పంపు మొదలైపోతుంది. న్యూట్రల్‌లో పెట్టి పక్కకి తోసి, లోపల కౌంటరులో చెప్పండి. ట్యాంకు తోడేవాళ్లు వ్యానులో అక్కడికే వస్తారు. పోసుకున్న పెట్రోలుకి మాత్రం డబ్బు కట్టాల్సిందే.