ఘాటు ఎక్కే ముందు

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు మనందరికీ తెలిసిందే. అక్కడ ఆగి పాలకోవా తినని వాళ్ళుండరు. అదే ఘాటును సైకిలు మీద ఎక్కితే?

మనిషీ సైకిలూ కలిసి 75 కిలోలనుకుందాం. నిలువునా 100 మీటర్ల ఎత్తుకు చేయాల్సిన పని 73,500 జౌళ్ళు. 10 నిమిషాల్లో ఎక్కితే సుమారు 122 వాట్ల సామర్థ్యం చాలు, 5 నిమిషాల్లోనైతే 245 కావాలి. గాలి, రాపిడి లెక్క వేరే. కండరాలు ఖర్చుచేసే శక్తిలో ఇంచుమించు నాలుగోవంతే పనిగా మారుతుంది, మిగతాదంతా వేడి. ఆ వేడి పోవాలంటే 90 గ్రాముల చెమటైనా ఆరాలి. ఎండాకాలంలో గాలి ఒంటికన్నా వేడిగా ఉంటే చెమట తప్ప వేరే దారే లేదు. అందుకే మన సీమలో సాధన కార్తీకంలో, చలి పొద్దున మొదలుపెట్టడం మేలు.

నిరుడు నేను నాలుగు నెలలు సైకిలు ముట్టకుండా ఉండి, మొదటిరోజే గేరు మార్చకుండా బలంకొద్దీ ఘాటు ఎక్కినా. మోకాలు పట్టుకొని రెండువారాలు మూల కూర్చున్నా. "వేసవంతా కొట్టంలో ఉన్న ఎద్దుల్ని తొలివానకే పొద్దుగూకేదాకా మడకకు కడతామా?" అన్నాడు మా నాయన. నిజమే. కండరం తొందరగా బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం మాత్రం నిదానం.

ఈసారి మూడువారాలు చెన్నూరు వైపు చదును దారిలో, పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగంతోనే తొక్కినా. తర్వాతే ఘాటు, అదీ తేలిక గేరులో. పెడళ్ళు ఎక్కువ చుట్లు తిప్పాలి గానీ, ఒక్కో తొక్కుకు మోకాలి మీద భారం తగ్గుతుంది.

దిగేటప్పుడు ఆ 73,500 జౌళ్ళలో చాలావరకు బ్రేకులే వేడిగా మార్చాలి. ఎదురుగా లారీలు. ముందురోజే బ్రేకు తీగలు మార్పించినా.