ఇంటరప్ట్ వచ్చింది, డేటా ఏది?

ప్రశ్న: డ్రైవర్ రాస్తున్నాను. డీఎంఏ పూర్తయిందని ఇంటరప్ట్ వచ్చినా బఫర్‌లో పాత డేటానే కనిపిస్తోంది. ఎందుకండీ?
– ఒక విద్యార్థి, వాడరేవు

జవాబు: మీ రేవులో పడవ వచ్చి చేపల బుట్టలు దిగిపోయాయి, గుమాస్తా మాత్రం నిన్నటి చిట్టానే చదువుతున్నాడు. సరిగ్గా అదే జరుగుతోంది. డీఎంఏలో సీపీయూ బైట్లు మోయదు. డ్రైవర్ చిరునామా, పొడవు చెబితే పరికరమే నేరుగా ర్యామ్‌లో రాసి, పనయ్యాక ఇంటరప్ట్ పంపుతుంది. చాలా ఆర్మ్ బోర్డుల్లో ఆ రాత సీపీయూ క్యాష్‌కు తెలియదు. లినక్స్‌లో బఫర్‌ను డీఎంఏ_మ్యాప్_సింగిల్‌తో అప్పగించండి, చదివే ముందు డీఎంఏ_అన్‌మ్యాప్_సింగిల్ పిలవండి. ఈ మధ్యలో దాన్ని ముట్టుకోకూడదు. ఇంటెల్ పీసీలో ఇవి మరిచినా చాలాసార్లు నడిచిపోతుంది, అందుకే ఈ తప్పు ఆలస్యంగా బయటపడుతుంది. అన్నట్టు, బఫర్‌ను స్టాక్ మీద పెట్టలేదు కదా? పెడితే కేమాలాక్‌కు మార్చండి.