పనుల పట్టిక ముందా, ప్రయోజనము ముందా?

మంజీరా నదిపై నిజాంసాగరు నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. ఇంజనీరు నవాబ్ ఆలీ నవాజ్ జంగు దానిని 2,75,000 ఎకరములకు నీరందించు ఉద్దేశముతో రూపొందించెను. ఆరేండ్ల తరువాత, 1937లో, బోధన్ చెంత శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఈ వరుసను గ్రామసోదరులు గమనింపవలెను. ముందు నీరు, నీటికి తగిన చెరకు, చెరకునకు తగిన ఫ్యాక్టరీ. యంత్రము తెచ్చి నిలిపి, తరువాత దానికి పని వెదకినవారు కారు.

చక్కెర ఫ్యాక్టరీ లక్ష్యము చెరకును గానుగ ఆడుట మాత్రమే కాదు. చెరకులోని తీపిని పోగొట్టుకొనకుండ బస్తాకు చేర్చుట. నరికిన చెరకు నిలువయున్నకొలది దానిలోని చక్కెర తరిగిపోవును. అందుచే నరికిన 24 గంటలలో గానుగకు చేర్చుట మేలు. ఈ ఒక్క మాట పట్టుకొన్నచో మిగిలినవన్నియు దాని వెంట వచ్చును: ఏ ఊరివారు ఏ నెలలో నాటవలెను, ముందు పక్వమగు రకమెంత, ఆలస్యముగ పక్వమగు రకమెంత, కటింగ్ ఆర్డరు ఎవరికి ఏనాడు ఇయ్యవలెను, బండ్లెన్ని కావలెను. బరువు చూచుకొని పక్వము కాని చెరకు తోలినచో కాటాలో తూకము కనిపించును గాని బస్తాలు పెరుగవు.

ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. రైతులనేకులు వరికిని ఇతర పంటలకును మరలిరి.

నిజామాబాదు పసుపునకును పేరుపొందినదే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ఇచ్చటనే ఆరంభమైనది. అటుపిమ్మట ఒక గ్రామమున పసుపు రైతుల సంఘ సమావేశమునకు మేము పోయియుంటిమి. వారి కాగితములో పదునొకండు అంశములున్నవి: బాయిలరు, పాలిషింగు డ్రమ్ము, పిండిమర, రంగుల సంచులు, చివరకు పసుపు సబ్బు. "వీనిలో ఏది లేకున్న మీకు నష్టము?" అని అడిగితిమి. ఎవరును పలుకలేదు. వెనుక కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి, "సారూ, మా పసుపు అంగడికి తీస్కపోతె పచ్చిగున్నదని ధర కోస్తున్నరు. గది ఆగితె మాకు సాలు" అన్నది.

ఆ మాటనే కాగితము నెత్తిన వ్రాయించితిమి: సంఘము పసుపు ప్రతి బస్తాయు నూటికి పదిపాళ్లు మించని తేమతో అంగడికి పోవలెను. ఇక ఒక్కొక్క అంశమును దానితో సరిచూచిరి. సబ్బు పోయినది. పిండిమర మరుసటి ఏటికి వాయిదాపడినది. పట్టికలో లేని రెండు చేరినవి: గచ్చు కళ్లము, తేమ కొలుచు సాధనము. త్రవ్విన దుంపలను రెండు మూడు దినములలో ఉడకబెట్టవలెను; వంతులు వేసికొన్న బాయిలరు ఒక్కటి చాలును. కాని ఉడికినది ఎండుటకు పది పదునైదు దినములు పట్టును. కొమ్మును మండను కలిపి పోసినచో కొమ్ము ఎండినను మండ లోపల పచ్చిగానే యుండును. కావున ఇరుకైనది బాయిలరు కాదు, ఆరబోయు చోటు.

సబ్బు కోరిన యువకుడు కొంత నొచ్చుకొనెను. అతని కోరిక తప్పు కాదు, దానికి కాలము రాలేదు. మేమును పూర్వము కరపత్రములపై యంత్రముల బొమ్మలే ముందు అచ్చువేయించినవారమే.

మేము బయలుదేరునప్పటికి కళ్లమునకు స్థలమెచ్చటయను చర్చ తెగలేదు. పంచాయతీ స్థలమున చింతచెట్ల నీడ పడునని కొందరనిరి. మరునాడు మధ్యాహ్నము మూడు గంటలకు నలుగురు పోయి నీడ ఎంతవరకు పాకునో చూచి రావలెనని నిర్ణయించిరి.